చక్కెరతో తంగేడు పువ్వు: కేకు అలంకరణలో పూల తయారీ

చక్కెరతో పువ్వు చేయాలంటే ముందు నిజమైన పువ్వును విప్పి చూడాలి. చాలా పుస్తకాలు గులాబీతో మొదలుపెడతాయి. వరంగల్‌లో ఉన్న మీకు అంతకన్నా మంచి నమూనా రోడ్డు పక్కనే దొరుకుతుంది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన తంగేడు అది. బతుకమ్మ రోజుల్లో హన్మకొండ వేయి స్తంభాల గుడి దగ్గర పళ్లాల నిండా కనిపించే ఈ పువ్వును కేకు మీద పెడితే, అది నిజమైనదో కాదో చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది. గులాబీలో చేసిన తప్పును ఎవరూ పట్టుకోరు. తంగేడులో తప్పు చేస్తే మీ అమ్మమ్మే పట్టుకుంటుంది.

ఒక పువ్వును తీసుకుని తెల్లకాగితం మీద రేకులు విడదీయండి. రేకులు ఐదు. అన్నీ ఒకే కొలతలో ఉండవు. అంచులు కొద్దిగా ముడతలు పడి ఉంటాయి. పసుపు మీద నారింజ రంగు ఈనెలు సన్నగా పరుచుకుని ఉంటాయి. మధ్యలో పది కేసరాలు ఉంటాయి. వాటిలో పై మూడు వంధ్య కేసరాలు, పొట్టిగా ఉంటాయి. కింద ఉన్నవి పొడవుగా, వంపు తిరిగి ముందుకు వస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు ఐదు రేకులనూ ఒకే అచ్చుతో కోసి, కేసరాలన్నీ ఒకే పొడవున నిలబెడతారు. అప్పుడు అది పసుపు రంగు పువ్వు అవుతుంది, తంగేడు కాదు.

ముద్ద ఎలా గట్టిపడుతుంది?

చక్కెరకు రూపం ఇవ్వడం మనకు కొత్త కాదు. కాముని పున్నమికి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు మీరు చూసే ఉంటారు. అక్కడ పాకాన్ని అచ్చుల్లో పోస్తారు. చల్లారుతూ చక్కెర స్ఫటికాలుగా మారి గట్టిపడుతుంది. అలా చేసినది మందంగానే ఉంటుంది, కాగితమంత పలచని రేకు రాదు. పూల ముద్ద పద్ధతి వేరు. ఇందులో చక్కెరను కరిగించరు. మెత్తని పొడిని ఒక జిగురుతో పట్టి ఉంచుతారు. నీరు ఆరిపోయాక జిగురు, చక్కెర కలిసి పింగాణీలా బిగుసుకుంటాయి. ఈ ఆలోచన చాలా పాతది. 1555లో వెనిస్‌లో అచ్చయిన అలెస్సియో పియెమొంతేసే పుస్తకంలో ట్రాగకాంత్ జిగురుతో చక్కెర ముద్ద చేసి పండ్లు, గిన్నెలు తయారు చేసే విధానం ఉంది.

మన కిరాణా దుకాణాల్లో కతీరా పేరుతో అమ్మే జిగురు ట్రాగకాంతే అనుకోకండి. అదే పేరుతో మన అడవుల్లోని తపసి చెట్టు జిగురును కూడా అమ్ముతారు. రెండూ నీటిలో ఉబ్బుతాయి కాని ముద్దలో ఒకేలా పనిచేయవు. అందుకే ఈ రోజుల్లో సీఎంసీ అనే పొడి వాడటం మేలు. దాన్నే టైలోస్ పేరుతోనూ అమ్ముతారు. ఇంటి పనికి సులువైన కొలత ఇది: 250 గ్రాముల ఫాండెంట్‌కు ఒక టీస్పూన్ సీఎంసీ. చేతికి కాస్త వనస్పతి రాసుకుని బాగా పిసికి, గాలి తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒక రాత్రి ఉంచండి. ఈ విరామాన్ని తగ్గించకండి. జిగురు నీటిని పూర్తిగా పీల్చుకోవడానికి సమయం పడుతుంది. తొందరపడితే రేకు సాగదు, చిరుగుతుంది.

గుడ్డు తెల్లసొనతో, జెలటిన్‌తో చేసే ముద్దలు కూడా ఉన్నాయి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. గుడ్డు లేని కేకు అడిగిన వారి కేకు మీద జెలటిన్ పువ్వు పెట్టడం వారిని మోసం చేయడమే. ఫాండెంట్ కొనేటప్పుడు కూడా ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూడండి.

రేకు నుంచి పువ్వు దాకా

ముద్దను చిన్న కర్రతో పలచగా ఒత్తండి. ఒక చివర మాత్రం కాస్త మందంగా ఉంచండి, తీగ గుచ్చడానికి. మూడు కొలతల్లో రేకులు కోయండి. సన్నని పూల తీగ కొనను కొద్దిగా తడిపి, రేకులో మూడో వంతు వరకు నెమ్మదిగా తిప్పుతూ పంపండి. రేకును మెత్తని స్పాంజి మీద పెట్టి, గుండు కొన ఉన్న పనిముట్టుతో అంచు మీద సగం లోపలికి, సగం బయటికి ఉండేలా ఒత్తుతూ పోతే అంచు పలచబడుతుంది. ముడతల కోసం అంచు మీద టూత్‌పిక్‌ను దొర్లించండి. తర్వాత చెంచా గుంటలో ఆరనివ్వండి. చెంచాలో ఆరిన రేకుకే ప్రాణమున్న వంపు వస్తుంది. పళ్లెంలో ఆరినది కాగితం ముక్కలా ఉంటుంది.

కేసరాలకు ముద్దను సేమియాలా సన్నగా దొర్లించి, సగం ఆరాక వంచండి. రంగు విషయంలో ఒక మాట. ముద్దలో ముదురు పసుపు కలపకండి. లేత పసుపు ముద్ద చేసి, ఆరాక పొడి రంగును మొదలు నుంచి అంచు వైపు కుంచెతో అద్దండి. ఈనెలను సన్నని కుంచెతో నారింజ రంగులో గీయండి. చివరగా ఆవిరి మీద రెండు మూడు క్షణాలు చూపిస్తే పొడి అంటుకుంటుంది. అంతకుమించి చూపిస్తే రేకు మెత్తబడుతుంది. ఆహారానికి అనుమతించిన రంగులే వాడాలి. బయట విడిగా దొరికే చవక పసుపు రంగుల్లో మెటానిల్ ఎల్లో ఉండవచ్చు, అది ఆహారంలో నిషిద్ధం.

వానాకాలం, ఎండాకాలం

మొదట్లో నేను చేసిన పువ్వులను భద్రంగా ఉంటాయని ఫ్రిజ్‌లో పెట్టాను. బయటికి తీసిన పది నిమిషాల్లో రేకులు వాలిపోయాయి. చల్లని వస్తువు మీద గాలిలోని తేమ నీటి బిందువులుగా చేరుతుందని తరగతిలో చదివిన విషయమే. వంటింట్లో గుర్తురాలేదు.

శుద్ధమైన చక్కెర 25 డిగ్రీల దగ్గర, సాపేక్ష ఆర్ద్రత సుమారు 85 శాతం దాటితే గాలి నుంచి నీటిని పీల్చి కరగడం మొదలుపెడుతుంది. గ్లూకోజు, గ్లిజరిన్ కలిసిన ముద్ద అంతకన్నా ముందే మెత్తబడుతుంది. మన వానాకాలంలో ఆ స్థాయి మామూలే. తంగేడు పూసేది, బతుకమ్మ కేకులు అడిగేది కూడా వానలు ఇంకా పూర్తిగా వెళ్లని రోజుల్లోనే. కాబట్టి ఆ రోజుల్లో గ్లిజరిన్ మానండి. ఫ్యాను తేమను తీసేయదు, తేమ గాలినే తిప్పుతుంది. ఏసీ గది మేలు. అది లేకపోతే, వేడి చేయకుండా బల్బు మాత్రమే వెలిగించిన ఓవెన్‌లో ఆరబెట్టండి. ఆరిన పువ్వులను సిలికా జెల్ పొట్లంతో మూత గట్టి డబ్బాలో దాచండి. పువ్వును క్రీము మీద నేరుగా పెడితే గంటల్లో కరుగుతుంది, అందుకే కేకు అప్పగించే ముందే అమర్చాలి.

మే నెలలో సమస్య తిరగబడుతుంది. పొడి గాలికి ముద్ద ఒత్తుతుండగానే పైన పొర కడుతుంది. ఒకసారి ఒకటి రెండు రేకులే కోయండి. మిగిలిన ముద్దను కప్పి ఉంచండి.

నిజమైన పువ్వే పెట్టవచ్చు కదా అని కొనేవారు అడుగుతారు. అలంకరణకు అమ్మే పూల మీద పురుగుమందు ఉండవచ్చు. గన్నేరు లాంటివి విషం. అయితే చక్కెర పువ్వులోనూ తీగ ఉంటుంది. తీగను కేకులో నేరుగా గుచ్చకండి. ఆహారానికి పనికివచ్చే స్ట్రాలో పెట్టి అందులోనే నిలపండి. పువ్వులో తీగ ఉందని, పిల్లలకు ఇవ్వకుండా ముందే తీసేయాలని కొన్నవారికి చెప్పండి, డబ్బా మీద కూడా రాయండి.

అభ్యాసం

ఒక తంగేడు పువ్వును విడదీసి ప్రతి రేకు కొలతను నోటు పుస్తకంలో రాసుకోండి. ఒకే ముద్దతో మూడు రేకులు చేసి, ఒకటి గదిలో, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి సిలికా జెల్ డబ్బాలో ఒక రోజు ఉంచండి. ఏది ఎలా మారిందో, ఎందుకు మారిందో ఐదు వాక్యాల్లో రాసి మీ అధ్యయన కేంద్రం కౌన్సిలర్‌కు చూపించండి.