కార్ డోర్ లాక్ మొరాయిస్తోందా? బిల్లు కట్టే ముందు ఇవి చెక్ చేయండి

మే నెల, మిట్టమధ్యాహ్నం, విజయవాడ. ఓ షాపు ముందు కారు ఆపి దిగాను. వెనక సీట్లో మా అక్క కొడుకు, నాలుగేళ్లవాడు. ఏడవకుండా ఉంటాడని కీ ఫాబ్ నేనే వాడి చేతికిచ్చాను. నేను డోర్ వేసి అటువైపు తిరిగేలోపే 'టక్'. నాలుగు డోర్లూ లాక్!

వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేసి ఉంది, కాబట్టి వాడు లోపలి నుంచి తీయలేడు. అన్‌లాక్ నొక్కమని సైగ చేశాను. నొక్కాడు. ఇండికేటర్లు వెలిగాయి కానీ డ్రైవర్ డోర్ తెరుచుకోలేదు. స్పేర్ కీ ఇంట్లో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది: నా కారులో అన్‌లాక్ ఒకసారి నొక్కితే డ్రైవర్ డోర్ ఒక్కటే, రెండుసార్లు నొక్కితే అన్నీ తెరుచుకుంటాయి. రెండు వేళ్లు చూపించాను. మూడో ప్రయత్నంలో వాడు వరసగా రెండుసార్లు నొక్కాడు, పక్క డోర్ తెరుచుకుంది. మొత్తం రెండు నిమిషాలు కూడా కాలేదు. నా చొక్కా మాత్రం పూర్తిగా తడిసిపోయింది.

నిజం చెప్పాలంటే తప్పు నాదే. అంతకు రెండు వారాల ముందు నుంచే ఆ డోర్ ఒక్కోసారి మొరాయిస్తోంది. "తర్వాత చూద్దాంలే" అని వదిలేశాను. మీరు అలా వదిలేయకూడదనే ఈ ఆర్టికల్.

ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి

ప్రాబ్లమ్ అన్ని డోర్లకా, ఒక్క డోర్‌కేనా? సగం డయాగ్నసిస్ ఇక్కడే అయిపోతుంది.

అన్ని డోర్లూ పనిచేయకపోతే

మొదట అనుమానించాల్సింది ఫాబ్‌లోని బ్యాటరీని. చాలా ఫాబ్‌లలో సీఆర్2032 అనే 3 వోల్టుల కాయిన్ సెల్ ఉంటుంది. కొన్నింటిలో సైజు వేరు, కాబట్టి పాత సెల్ మీద నంబర్ చూసే కొనండి. బాగా దగ్గరికి వస్తేనే రిమోట్ పనిచేస్తోందంటే సెల్ వీక్ అయినట్టే. స్పేర్ ఫాబ్‌తో బాగా పనిచేస్తే తేడా మొదటి ఫాబ్‌లోనే ఉంది, కారులో కాదు.

రెండు ఫాబ్‌లూ పనిచేయకపోతే లోపలున్న లాక్ స్విచ్ నొక్కి చూడండి. అదీ పనిచేయకపోతే కారు బ్యాటరీ, సెంట్రల్ లాకింగ్ ఫ్యూజ్ చెక్ చేయాలి. ఏ ఫ్యూజో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. కొత్త ఫ్యూజ్ కూడా అదే ఆంపియర్‌ది వేయండి. వేసిన వెంటనే మళ్లీ పోతే ఎక్కడో షార్ట్ ఉందని అర్థం. అప్పుడు పెద్ద ఫ్యూజ్ వేసి మేనేజ్ చేద్దామనుకోవద్దు, వైర్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

ఒక్క డోరే మొరాయిస్తుంటే

* లోపలి నుంచి మాత్రమే రాకపోతే: వెనక డోర్ అయితే చైల్డ్ లాక్ చూడండి. డోర్ తెరిచినప్పుడు దాని అంచున కనిపించే చిన్న మీట అది. కారు కడిగేటప్పుడు పొరపాటున జరిగిపోవచ్చు. ఖర్చు సున్నా.
* 'గిర్ర్' మని శబ్దం వచ్చి లాక్ కదలకపోతే: యాక్చువేటర్‌ను అనుమానించండి. అందులో ఓ చిన్న మోటార్, ప్లాస్టిక్ గేర్లు ఉంటాయి. పళ్లు అరిగితే మోటార్ తిరుగుతుంది, లాక్ కదలదు. దీన్ని సాధారణంగా మార్చడమే.
* డోర్ గట్టిగా వేస్తేనే పడుతుంటే: లాచ్‌లో దుమ్ము పేరుకుని ఉండొచ్చు, లేదా స్ట్రైకర్ కాస్త పక్కకు జరిగి ఉండొచ్చు. లాచ్ శుభ్రం చేసి వైట్ లిథియం గ్రీజు పెట్టండి. తాళంచెవి దూర్చే చోట మాత్రం కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ పోయొద్దు. దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది. అక్కడ గ్రాఫైట్ పొడి బెటర్.
* ఒకసారి పనిచేసి, ఒకసారి చేయకపోతే: వైర్. నా కథ ఇదే.

నా కారుకి అసలు ఏమైంది?

సర్వీస్ సెంటర్‌లో రెండు నిమిషాలు చూసి "లాక్ అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్" అన్నారు. ఎస్టిమేట్ పదివేలకు దగ్గరగా వచ్చింది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఒక్కరోజు ఆగి, తెలిసిన కార్ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట అడిగింది: "ఆ డోర్ గ్లాస్ కూడా అప్పుడప్పుడు ఆగుతోందా బాబూ?" అవును, ఆగుతోంది!

డోర్‌కీ బాడీకీ మధ్య ఓ రబ్బర్ గొట్టం ఉంటుంది. లాక్, విండో, స్పీకర్ వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. డోర్ వేసి తీసిన ప్రతిసారీ అవి వంగుతాయి. కొన్నేళ్లకు పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తీగ తెగిపోతుంది. ఆయన డోర్‌ని నెమ్మదిగా కదుపుతూ లాక్ స్విచ్ నొక్కారు. ఓ పొజిషన్‌లో పనిచేసింది, ఇంకోదానిలో లేదు. కొత్త వైర్ ముక్క సోల్డర్ చేసి స్లీవ్ వేశారు. 600 రూపాయలు!

రిపేర్‌కి ఇచ్చేటప్పుడు

వారంటీ ఉంటే బయట వైర్లు కట్ చేయించొద్దు. "ఏ టెస్ట్ చేసి పార్ట్ పోయిందన్నారు?" అని అడగండి, పాత పార్ట్ చూపించమనండి. డోర్ ప్యాడ్ తీస్తే లోపలి ప్లాస్టిక్ షీట్ తిరిగి సరిగ్గా అతికించారో లేదో చూడండి. లేకపోతే వానాకాలంలో నీళ్లు లోపలికి వస్తాయి.

ఇవాళే చేయాల్సిన పని

మీ ఫాబ్‌లో దాగి ఉన్న మెకానికల్ కీ బయటికి తీసి, డ్రైవర్ డోర్ ఒకసారి తెరిచి చూడండి. కొన్ని కార్లలో కీహోల్ హ్యాండిల్ మీది క్యాప్ కింద ఉంటుంది. సెల్ అయిపోయిన ఫాబ్‌తో కారు ఎలా స్టార్ట్ చేయాలో కూడా మాన్యువల్‌లో చదివి పెట్టుకోండి. చాలా పుష్ బటన్ కార్లలో ఫాబ్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలు.

ఇక, ఎండలో పిల్లలు లోపల ఇరుక్కుంటే మెకానిక్ కోసం ఎదురుచూడొద్దు. పది నిమిషాల్లోనే లోపలి వేడి దాదాపు 10 డిగ్రీలు పెరగొచ్చు. వెంటనే 112కి ఫోన్ చేయించండి. పిల్లలకు దూరంగా ఉన్న సైడ్ గ్లాస్‌ని మూల దగ్గర గట్టి వస్తువుతో కొట్టండి. ముందు అద్దం జోలికి వెళ్లొద్దు, అది లామినేటెడ్, అంత తేలిగ్గా ఊడిరాదు. గ్లాస్ మళ్లీ వేయించుకోవచ్చు.

మా వాడు ఇప్పటికీ కారెక్కగానే "మామా, తాళం ఇవ్వు" అంటాడు. నేను ఇవ్వట్లేదు.