ముల్లు దిగింది, కొవ్వు దిగలేదు

పెళ్లి వారం రోజుల్లో ఉంది. కుట్టించిన జాకెట్టు బిగుతైంది. నాయనమ్మ మందుల డబ్బాలో ‘నీరు తీసే మాత్రలు’ కనిపించాయి. రెండు రోజులు వేసుకునేసరికి తూకం రెండు కిలోలు తగ్గింది. ఇక ఆ చిట్కా స్నేహితురాళ్లందరికీ పాకిపోతుంది.

వైద్యులు వీటిని డైయూరెటిక్స్ అంటారు. ల్యాసిక్స్ పేరుతో దొరికే ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్, స్పైరోనోలాక్టోన్ ఈ కోవలోవే. గుండె, కాలేయం, కిడ్నీ జబ్బుల వల్ల ఒంట్లో చేరిన నీటిని తీయడానికి, బీపీ అదుపు చేయడానికి ఇస్తారు. సన్నబడటానికి వీటిని వాడేవారిలో పాతుకుపోయిన అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: బరువు తగ్గిందంటే కొవ్వు కరిగినట్టే.

వాస్తవం: మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మూత్రంగా పోతే, మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరుతుంది. అలా వెనక్కి వెళ్లే ఉప్పుకు ఈ మాత్ర అడ్డుపడుతుంది. ఉప్పు ఎటు పోతే నీరూ అటే పోతుంది. లీటరు నీరు పోతే తూకంలో కిలో తగ్గుతుంది. కొవ్వు జోలికి మాత్రం ఈ మందు వెళ్లదు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. పూటకు పదిసార్లు బాత్రూమ్‌కు పరిగెత్తినా ఆ లోటు పడదు.

అపోహ: తగ్గిన బరువు అలాగే నిలుస్తుంది.

వాస్తవం: నీరు తగ్గిందని తెలియగానే శరీరం పొదుపు మొదలుపెడుతుంది. కిడ్నీలు రెనిన్‌ను, అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరాన్‌ను ఎక్కువగా వదులుతాయి. ఉప్పును, నీటిని పట్టి ఉంచడమే వీటి పని. మాత్ర మానేసిన మరునాడే ఆ పట్టు సడలదు. ముఖం, పాదాలు ఉబ్బుతాయి. తూకం మునుపటికన్నా పెరగొచ్చు కూడా. ‘మళ్లీ ఒళ్లు వచ్చేసింది’ అని భయపడి మళ్లీ మాత్ర వేసుకుంటారు. నెలల తరబడి ఇలా వాడుతున్నవారు ఒక్కసారిగా మానేయకుండా, వైద్యులకు ఉన్నదున్నట్టు చెప్పి వారి సలహాతోనే ఆపాలి.

అపోహ: పోయేది నీళ్లే కదా, కొబ్బరిబోండం తాగితే సరిపోతుంది.

వాస్తవం: చాలా రకాల నీటి మాత్రలతో నీటితోపాటు సోడియం, పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. అది పడిపోతే పిక్కలు పట్టేస్తాయి, కాళ్లూ చేతులూ లాగేసినట్టు అవుతాయి, గుండె లయ తప్పుతుంది. మరీ తగ్గితే గుండె ఆగిపోయే ప్రమాదమూ ఉంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉన్నమాట నిజమే. కానీ స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్ర పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపి ఉంచుతుంది. దానిమీద బోండాలు తాగితే పొటాషియం ఎక్కువై అదీ గుండెకే ముప్పు తెస్తుంది. థయాజైడ్ మాత్రలు వేసుకుని బిందెలకొద్దీ మంచినీళ్లు తాగితే సోడియం పడిపోయి తికమకపడటం, ఫిట్స్ రావడం జరగొచ్చు. ఏది తగ్గిందో, ఏది పెరిగిందో రక్తపరీక్ష చేస్తేగానీ తెలియదు.

అపోహ: నాయనమ్మ రోజూ వేసుకుంటోంది, తనకేమీ కాలేదుగా!

వాస్తవం: ఆమెకు వైద్యుడు మోతాదు నిర్ణయించాడు. మధ్యమధ్య క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయిస్తున్నాడు. పైగా ఆమె ఒంట్లో తీయాల్సిన నీరు ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అదనపు నీరు లేదు కాబట్టి రక్తనాళాల్లో ఉండాల్సిన నీరే తగ్గుతుంది. బీపీ పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. రోహిణి కార్తె ఎండల్లో పట్టుచీర కట్టుకుని పెళ్లి పనుల్లో తిరిగే మనిషికి ఇది మరీ ప్రమాదం. నడుం నొప్పికని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర కూడా వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినొచ్చు. థయాజైడ్ల వల్ల యూరిక్ యాసిడ్, షుగర్ పెరిగే అవకాశమూ ఉంది. ఇది చదివి నాయనమ్మ చేత మాత్రలు మాన్పించకండి. ఆమెకు అవి అవసరమైన మందులే.

అపోహ: ఆటగాళ్లు, జిమ్ వాళ్లు వాడతారు కాబట్టి భయం లేదు.

వాస్తవం: ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో డైయూరెటిక్స్ ఉన్నాయి. పోటీలున్నా లేకున్నా ఆ నిషేధం వర్తిస్తుంది. బరువు తగ్గించి చూపడానికే కాక, మూత్రాన్ని పలచన చేసి ఇతర మందుల జాడ దాచడానికీ వీటిని వాడతారు. 2003 క్రికెట్ ప్రపంచకప్ తొలిరోజుల్లోనే ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ దక్షిణాఫ్రికా నుంచి ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చింది పరీక్షలో డైయూరెటిక్ బయటపడినందుకే. సన్నగా కనిపించడానికి అమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నానని చెప్పినా, ఏడాదిపాటు ఆటకు దూరమయ్యాడు. బాడీబిల్డర్ మొహమ్మద్ బెనాజిజా కథ ఇంకా విషాదం. 1992లో నెదర్లాండ్స్‌లో పోటీ ముగిసిన కొద్ది గంటల్లోనే చనిపోయాడు. కండల గీతలు తేలడానికి వాడిన డైయూరెటిక్స్, వాటివల్ల ఒంట్లో నీరు ఇంకిపోవడమే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి.

అపోహ: మూలికలతో చేసిందైతే ఏమీ కాదు.

వాస్తవం: పల్లేరుకాయ, గలిజేరు, కొండపిండి ఆకు మూత్రం సాఫీగా రావడానికి మన ఇళ్లలో ఎప్పటినుంచో వాడుతున్నవే. అవి కూడా కొవ్వును కరిగించవు. ఇక స్లిమ్మింగ్ పేరుతో అమ్మే గుళికలు, పొడుల మాటకొస్తే, సీసా మీద రాసిందే లోపల ఉందని నమ్మకం లేదు. అలాంటి కొన్నింటిలో బ్యుమెటనైడ్ అనే గట్టి డైయూరెటిక్‌ను చెప్పకుండా కలిపారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008-09లో హెచ్చరించింది.

అపోహ: కాళ్లు ఉబ్బితే నీటి మాత్ర వేసుకోవాల్సిందే.

వాస్తవం: ముందు కారణం తెలియాలి. వాచినచోట బొటనవేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటే వైద్యుణ్ని కలవండి. గుండె, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్, కాళ్ల సిరలు... వీటిలో ఏదైనా కారణం కావొచ్చు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా పాదాలు వాస్తాయి. ఆ వాపుకు నీటి మాత్ర అంతగా పనిచేయదు, బీపీ మందు మార్చాల్సి రావొచ్చు.

ఉబ్బరం తగ్గాలంటే ఆవకాయ, అప్పడం, వడియాలు, చిప్స్ తగ్గించి చూడండి. ఉప్పు తగ్గితే నీరూ తగ్గుతుంది. కొవ్వు తగ్గడానికి తిండి, నడక, నిద్ర, నెలల ఓపిక కావాలి. మాత్ర వేసుకున్నాక గుండె దడ, స్పృహ తప్పడం, మూత్రం ఆగిపోవడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. సన్నబడాలన్న తపనతో మాత్రలు మానలేకపోతుంటే సిగ్గుపడకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడండి.

అన్నట్టు, జాకెట్టు కుట్టేటప్పుడు దర్జీ లోపల రెండు మూడు వరసల కుట్లు ఉంచేది ఊరికే కాదు. ఒక వరస విప్పించుకోండి, సరిపోతుంది.