ఉత్తరకథకు గీటురాయి

ప్రసిద్ధమైన కథకు కొనసాగింపు కూర్చడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. శ్రీరామ పట్టాభిషేకానంతర కథను తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణము’గా తెలుగువారికి అందించాడు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఎఱ్ఱన పూరించాడు. నన్నయ శైలితో ప్రారంభించి తిక్కన శైలితో ముగించాడని సాహిత్య చరిత్రకారులు ఆయనను ప్రశంసించారు. ఇటువంటి రచనకు రెండు పరీక్షలు తప్పవు. అది పూర్వరచనకు దీటుగా ఉండాలి. పూర్వరచన ఆసరా లేకుండానూ నిలబడాలి. సినిమా కళ మాత్రమే కాక వ్యాపారం కూడా కనుక, అక్కడ మూడో పరీక్ష ఒకటి తోడవుతుంది. పెట్టిన పెట్టుబడి తిరిగి రావాలి. 2024 డిసెంబరు 20న విడుదలైన ‘ముఫాసా: ద లయన్ కింగ్’ అనే యానిమేషన్ చిత్రం ఈ మూడు పరీక్షలనూ ఏకకాలంలో ఎదుర్కొన్నది.

ఈ కథకు మూలం 1994లో ఉంది. ఆ సంవత్సరం వాల్ట్ డిస్నీ సంస్థ చేతితో గీసిన బొమ్మలతో ‘ద లయన్ కింగ్’ చిత్రాన్ని నిర్మించింది. తమ్ముడు అన్నను చంపి రాజ్యం అపహరించగా, అన్న కుమారుడు దానిని తిరిగి సాధించుకోవడం అందలి ఇతివృత్తం. షేక్స్‌పియర్ ‘హామ్లెట్’ ఛాయలు ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. అదే కథను 2019లో జాన్ ఫావ్రో దర్శకత్వంలో, దాదాపు పూర్తిగా కంప్యూటర్ సాయంతో, నిజమైన అడవినీ నిజమైన మృగాలనూ చూస్తున్న భ్రాంతి కలిగేలా మళ్లీ నిర్మించారు. ఆ చిత్రం ప్రపంచవ్యాప్తంగా సుమారు 166 కోట్ల డాలర్లు వసూలు చేసింది. దానికి కొనసాగింపుగా వచ్చినదే ‘ముఫాసా’. ‘మూన్‌లైట్’ చిత్రంతో ఆస్కార్ పురస్కారాల వేదికపై గౌరవం పొందిన బ్యారీ జెంకిన్స్ దీనికి దర్శకుడు.

కొనసాగింపు అన్నప్పటికీ ఇందులోని ప్రధాన కథ గతానికి చెందినది. సింబా కుమార్తె కియారాకు, రఫీకి అనే ముసలి కోతి ఆమె తాత ముఫాసా బాల్యాన్ని వినిపిస్తుంది. వరదలో తల్లిదండ్రులకు దూరమైన ముఫాసాను టాకా అనే రాకుమారుడు సోదరునిగా స్వీకరిస్తాడు. ఆ స్నేహమే క్రమంగా అసూయగా మారుతుంది; ఆ టాకాయే తరువాత స్కార్ అవుతాడు. కథలో కథ చెప్పే ఈ పద్ధతి, మృగాల నోట మానవస్వభావాన్ని పలికించే ఈ రీతి పంచతంత్రం చదివిన వారికి సుపరిచితమే. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లోని మిత్రభేదంలో సింహానికీ ఎద్దుకూ కుదిరిన మైత్రి భగ్నమైన తీరును విద్యార్థులు ఇక్కడ స్మరించుకోవచ్చు.

ఇక వ్యాపార ఫలితాన్ని పరిశీలిద్దాం. 2019 నాటి చిత్రం ఉత్తర అమెరికాలో తొలి వారాంతంలోనే 19 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. ‘ముఫాసా’కు అదే వ్యవధిలో దక్కినది సుమారు 3.5 కోట్లు మాత్రమే. అదే రోజు విడుదలైన ‘సోనిక్ ద హెడ్జ్‌హాగ్ 3’ అనే మరో కొనసాగింపు చిత్రం దాదాపు 6 కోట్ల డాలర్లతో ముందు నిలిచింది. తొలి అంకెలను చూసి ‘ముఫాసా’ పరాజయం పాలైందని పలువురు తీర్మానించారు. అయితే సెలవు రోజుల్లో కుటుంబ ప్రేక్షకుల రాక తగ్గలేదు. 2025 జనవరి మొదటి వారాంతంలో ఈ చిత్రమే అక్కడ ప్రథమ స్థానానికి చేరింది. ప్రదర్శనలు ముగిసేనాటికి ఉత్తర అమెరికాలో 25 కోట్లు, ప్రపంచమంతటా సుమారు 72 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. 2019 చిత్రం తన తొలి వారాంతపు వసూళ్లకు మూడు రెట్ల లోపే రాబట్టగా, ‘ముఫాసా’ ఏడు రెట్లు రాబట్టింది. తొలి వారం వసూళ్లు పూర్వచిత్రం సంపాదించిన కీర్తికి కొలమానాలు. తరువాతి వారాల వసూళ్లు మాత్రం చిత్రం చూసినవారు ఇతరులకు చెప్పిన మాటకు కొలమానాలు.

అయినా వసూళ్లన్నీ లాభం కావు. శ్రీరాంపూర్ వంటి సింగరేణి ప్రాంతాల విద్యార్థులకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు కనిపించాలంటే ముందుగా దానిపైనున్న మట్టినీ రాతినీ తొలగించాలి. ఆ ఖర్చును, యంత్రాల ఖర్చును, కార్మికుల వేతనాలను లెక్కించకుండా వెలికితీసిన టన్నులను మాత్రమే చూసి గని లాభదాయకమని చెప్పలేము. చిత్రం విషయమూ అంతే. టికెట్టు సొమ్ములో ప్రదర్శనశాలల వాటా పోవాలి. ప్రచార వ్యయం పోవాలి. నిర్మాణ వ్యయం తీరాలి. ‘ముఫాసా’ నిర్మాణ వ్యయమే సుమారు 20 కోట్ల డాలర్లని వార్తలు వచ్చాయి. కాబట్టి దానిని పూర్వచిత్రంతో పోలిస్తే సగానికి తక్కువ. దాని ఖర్చుతో పోలిస్తే గౌరవప్రదమైన ఫలితం. ఒకే అంకె రెండు తీర్పులకు ఆధారమయింది. విమర్శకుల అభిప్రాయాలూ ఏకముఖంగా లేవు. దృశ్యసౌందర్యాన్ని మెచ్చినవారు కొందరు, అవసరం లేని కథ అన్నవారు మరికొందరు.

తెలుగునాట ఈ చిత్రాన్ని ఆదరించిన తీరులో మరొక విశేషముంది. ఆంగ్లంలో 1994లోనూ 2019లోనూ ముఫాసాకు గాత్రమిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ 2024 సెప్టెంబరులో మరణించాడు. ఈ చిత్రాన్ని ఆయన స్మృతికి అంకితం చేశారు. గాత్రమే పాత్రకు ప్రాణమన్న సత్యానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. తెలుగులో 2019లో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు గాత్రదానం చేయగా, 2024లో ముఫాసాకు మహేశ్‌బాబు, టాకాకు సత్యదేవ్ గళమిచ్చారు. అడవిపంది పుంబాకు బ్రహ్మానందం, దాని మిత్రుడు టీమోన్‌కు అలీ రెండు చిత్రాలలోనూ మాట్లాడారు. పాత కథను కొత్త కథతో కలిపే వంతెనగా తెలుగు ప్రేక్షకునికి ఈ హాస్యద్వయం ఉపకరించింది. కథానాయకుని రూపం కనిపించకపోయినా, కేవలం కంఠస్వరం కోసమే అభిమానులు ప్రదర్శనశాలల వద్ద సంబరాలు జరిపారు.

అనువాద చిత్రానికి మాటలు రాయడం తేలికైన పని కాదు. తెరపై మృగం పెదవులు కలిసిన చోట ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు పడాలి. ఆంగ్ల వాక్యంలో క్రియ కర్మకు ముందే వస్తుంది. తెలుగులో సాధారణంగా వాక్యాంతంలో వస్తుంది. అయినా భావం అదే క్షణంలో చేరాలి. ఆంగ్లం అంతగా రాని పిల్లవానికి ఆ కథ అందినదంటే, అది ఈ శ్రమ ఫలితమే. ఒకవైపు ‘పుష్ప 2’ ఇంకా ప్రదర్శితమవుతుండగా, మరోవైపు సంక్రాంతి చిత్రాలు సమీపిస్తుండగా వచ్చిన ఈ చిత్రం, అన్ని భాషలలో కలిపి భారతదేశంలో 100 కోట్ల రూపాయలను దాటడంలో ఇటువంటి అనువాదాల పాత్ర కాదనలేనిది.

యానిమేషన్ అంటే పసిపిల్లల వినోదమే అన్న అభిప్రాయం కూడా మన దేశంలో సడలుతున్నది. 2025 జూలై 25న విడుదలైన ‘మహావతార్ నరసింహ’ తెలుగుతో సహా పలు భాషలలో ప్రేక్షకుల ఆదరణ పొంది, 300 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. ప్రహ్లాదుని కథ పోతన భాగవతం ద్వారా తెలుగువారికి కంఠస్థమైనదే. అయినా పెద్దలూ పిన్నలూ కలిసి మళ్లీ చూశారు. ఈ వరుసలో పరశురామునితో మొదలుకొని మరికొన్ని చిత్రాలు వస్తాయని నిర్మాతలు ఆ సంవత్సరమే ప్రకటించారు. వాటికీ ‘ముఫాసా’ ఎదుర్కొన్న పరీక్షలే ఎదురవుతాయి. తొలి చిత్రం ఖ్యాతి ప్రేక్షకుని ప్రదర్శనశాల ద్వారం వరకు మాత్రమే తీసుకురాగలదు. లోపలికి వచ్చినవాడు బయటికి వెళ్లి తోటివానికి ఏమి చెబుతాడన్నది మలి చిత్రమే నిర్ణయించుకోవాలి. మొదటిరోజు అంకెలను తీర్పుగా భావించే నేటి కాలంలో, కొన్ని వారాలు వేచి చూచి, ఖర్చునూ ఆదాయాన్నీ తూచి, ఆపైన కథలోని గుణదోషాలను విచారించడమే వివేకవంతుడైన ప్రేక్షకుని లక్షణం.