ఒక్కరు కదిలితే నాలుగు పనులు ఆగేవి

నాటకం చూసి ఇంటిదారి పట్టినవారికి గుర్తుండేది కృష్ణుడు, నారదుడు, ఘటోత్కచుడు. తెర వెనుక తాడు పట్టుకున్న మనిషి ఎవరికీ గుర్తుండడు. సురభి నాటక సమాజాల్లో మాత్రం ఆ తాడు పట్టుకున్న మనిషే తరువాతి రంగంలో కిరీటం పెట్టుకుని వచ్చేవాడు.

ఈ సమాజాల పుట్టినిల్లు కడప జిల్లాయే. తోలుబొమ్మలాడించే కుటుంబాలవారు 1885లో సురభి గ్రామంలో 'కీచకవధ' నాటకం ఆడారు. వారికి పెద్ద వనారస గోవిందరావు. ఊరి పేరే సమాజం పేరయింది. మగవారే ఆడవేషాలు కట్టే ఆ రోజుల్లో ఇంటి ఆడపడుచులనే రంగస్థలం ఎక్కించారు. కుటుంబాలు పెరిగిన కొద్దీ సమాజాలూ పెరిగాయి. ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలు ఊరూరా మకాం వేసి ఆడాయి.

పందిరి వేయడం, తెరలు కట్టడం, దీపాలు చూడడం, హార్మోనియం వాయించడం, వంట వండడం అంతా ఇంటివారి పనే. వేషం లేని రాత్రి అంటే పని లేని రాత్రి కాదు. 'మాయాబజార్'లో మాయలు జరగాలంటే కంటికి ఆనని తీగెలు కావాలి, వాటిని లాగే చేతులు కావాలి. పద్యం ముగిసే క్షణానికి తీగె కదలాలి. పాడేవారు రాగం కాస్త సాగదీస్తే లాగేవారు ఆగాలి. ఈ లెక్క ఏళ్ల తరబడి కలిసి బతికినవారికే కుదురుతుంది.

అందుకే సురభిలో వీడ్కోలు బరువైనది. ఒకరు వెళితే ఒక వేషం, ఒక తాడు, ఒక వాద్యం, పొయ్యి దగ్గర ఒక చేయి ఒకేసారి తగ్గేవి.

వీడ్కోళ్లు త్వరగానే మొదలయ్యాయి. 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద' టాకీలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాల బిడ్డే. ఆ తరువాత సినిమా హాళ్లు పల్లెలకు వచ్చాయి, ఇంటింటా టీవీ వచ్చింది. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లారు. వెళ్లినవారిని తప్పుపట్టలేం. ఆట పడని రోజు రాబడి లేని బతుకది. సమాజాలు వేళ్ల మీద లెక్కించేటన్ని మిగిలాయి. సురభిని ఆఖరి వరకు అంటిపెట్టుకున్న నాగేశ్వరరావు (బాబ్జీ)కి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు.

ఏ పెద్దయినా వేషం విప్పేలోగా పిల్లలకు తన పని అప్పగించడం ఈ కుటుంబాల పద్ధతి. పద్యం నేర్చుకోవడానికి పుస్తకాలున్నాయి. తీగె ఎప్పుడు లాగాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది తెర వెనుక పెద్దవారి పక్కన నిలబడి, వారు ఉండగానే నేర్చుకోవలసినది.