సాఫ్టువేరు కొటేషను

సాఫ్టువేరు కొటేషను అనగా ఒక సంస్థ తనకు కావలసిన సాఫ్టువేరును బయటి సంస్థ చేత తయారు చేయించుకొనదలచినపుడు, ఆ బయటి సంస్థ పని, ధర, గడువు, షరతులను తెలుపుతూ వ్రాతపూర్వకంగా ఇచ్చే ప్రతిపాదన. ఈ విధంగా పనిని బయటి వారికి అప్పగించడాన్ని ఔట్‌సోర్సింగ్ లేదా పొరుగు సేవ అంటారు. ఒకే పనికి వచ్చిన కొటేషన్ల మధ్య రెండు, మూడు రెట్ల తేడా కనిపించడం అరుదు కాదు. ఆ తేడాకు కారణం చాలా సందర్భాలలో లాభాపేక్ష కాదు. ప్రతి సంస్థా పనిని వేరు వేరుగా అర్థం చేసుకొనడమే.

ధర నిర్ణయించే పద్ధతులు

కొటేషన్లు ప్రధానంగా మూడు రకాలుగా ఉంటాయి.

1. స్థిర ధర: మొత్తం పనికి ఒకే ధర. అంచనా తప్పితే నష్టం తయారీదారు భరించాలి. కనుక ఆ ప్రమాదానికి తగిన అదనపు మొత్తాన్ని ముందుగానే ధరలో కలుపుతారు. ఒప్పందంలో లేని ప్రతి మార్పుకూ వేరుగా రుసుము ఉంటుంది.

2. కాలమాన ధర: పనిచేసిన గంటలను బట్టి చెల్లింపు. అవసరాలు మారే అవకాశం ఉన్న పనులకు ఇది అనువైనది. అంచనా తప్పితే నష్టం కొనుగోలుదారుదే.

3. ప్రత్యేక బృందం: కొందరు నిపుణులను నెలసరి రుసుముపై కేటాయించడం. పని లేని నెలలో కూడా రుసుము చెల్లించవలసి ఉంటుంది.

శ్రమను అంచనా వేయడం

ఏ పద్ధతిలోనైనా ధరకు మూలం శ్రమ అంచనా. దీనిని మనిషి-గంటలు లేదా మనిషి-నెలలలో లెక్కిస్తారు. 1979లో ఐబీఎంకు చెందిన అలన్ ఆల్‌బ్రెక్ట్ ఫంక్షన్ పాయింట్ల విధానాన్ని ప్రతిపాదించాడు. ఇందులో ప్రోగ్రాము ఎన్ని పంక్తులు ఉంటుందని కాక, వాడుకరికి అది ఎన్ని పనులు చేసి పెడుతుందో లెక్కిస్తారు. 1981లో బ్యారీ బోమ్ కోకోమో అనే గణిత నమూనాను ప్రచురించాడు. పని ప్రారంభ దశలో, అవసరాలు స్పష్టం కాకముందు, వేసిన అంచనా అసలు శ్రమలో నాలుగో వంతు మొదలు నాలుగు రెట్ల వరకు ఎక్కడైనా ఉండవచ్చునని కూడా బోమ్ చూపించాడు. అవసరాలు స్పష్టమయ్యే కొద్దీ ఈ తేడా తగ్గుతుంది. కనుక ఒక్క పుట వివరణ చదివి కచ్చితమైన ధర చెప్పే కొటేషనును జాగ్రత్తగా పరిశీలించాలి.

గడువును కూడా ఇదే దృష్టితో చూడాలి. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తెలిపాడు. మనుషులను రెట్టింపు చేసి సగం కాలంలో ముగిస్తామనే హామీని దీనిని బట్టి అంచనా వేయవచ్చు.

గంట ధరలో తేడాలు

గంట ధర తక్కువైనంత మాత్రాన మొత్తం ఖర్చు తక్కువ కాదు. అనుభవజ్ఞుడు 10 గంటలలో ముగించే పనికి కొత్తవారికి 30 గంటలు పట్టవచ్చు. బృందంలో అనుభవజ్ఞులు ఎందరు, కొత్తవారు ఎందరు, కొనుగోలుదారు వద్ద ఉండి పనిచేసేవారు ఎందరు అన్న వివరాలు లేని సగటు గంట ధరను ఇతర ధరలతో పోల్చడం సాధ్యం కాదు.

పోల్చే విధానం: ఒక ఉదాహరణ

ఒక కళాశాల తన గ్రంథాలయానికి సాఫ్టువేరు చేయించదలచి మూడు కొటేషన్లు తీసుకొన్నదనుకొందాం. ఇవి కల్పిత సంఖ్యలు. జీఎస్టీ 18 శాతం.

* అ సంస్థ: స్థిర ధర రూ. 10,00,000. పన్ను అదనం. పరీక్షలు, మొదటి ఏడాది నిర్వహణ ఇందులోనే ఉన్నాయి. పాత సమాచారాన్ని కొత్త సాఫ్టువేరులోకి మార్చడానికి రూ. 1,50,000. తరువాత నిర్వహణకు ఏడాదికి రూ. 1,50,000.
* ఆ సంస్థ: గంటకు రూ. 800 చొప్పున 900 గంటలు, అనగా రూ. 7,20,000. పన్ను అదనం. పరీక్షలు, సమాచార మార్పిడి, నిర్వహణ ప్రస్తావన లేదు.
* ఇ సంస్థ: పన్ను, పరీక్షలు, సమాచార మార్పిడి, మొదటి ఏడాది నిర్వహణతో కలిపి రూ. 14,00,000. తరువాత నిర్వహణకు పన్నుతో ఏడాదికి రూ. 1,20,000.

పైకి చూస్తే ఆ సంస్థ చవక, ఇ సంస్థ ఖరీదు. మూడేళ్ళ మొత్తం ఖర్చును లెక్కిస్తే ఫలితం మారుతుంది.

అ సంస్థకు తయారీ, సమాచార మార్పిడి, రెండేళ్ళ నిర్వహణ కలిపి రూ. 14,50,000, పన్నుతో రూ. 17,11,000.

ఆ సంస్థను వివరణ అడుగగా పరీక్షలకు 250, సమాచార మార్పిడికి 150, మూడేళ్ళ నిర్వహణకు 600 గంటలు అదనమని తెలిసిందనుకొందాం. మొత్తం 1,900 గంటలకు రూ. 15,20,000, పన్నుతో రూ. 17,93,600. తయారీ గంటలు పాతిక శాతం పెరిగితే ఇది రూ. 20,06,000 అవుతుంది.

ఇ సంస్థకు రూ. 16,40,000. అన్నిటికంటె ఖరీదుగా కనిపించినదే చివరకు చవక అయినది.

కొటేషనులో చూడవలసిన అంశాలు

* ఏయే పనులు చేస్తారు, ఏవి చేయరు.
* సర్వరు అద్దె, ఇతర సాఫ్టువేరుల లైసెన్సు రుసుములు ఎవరు చెల్లించాలి.
* పని పూర్తయినదని నిర్ణయించే పరీక్ష ఏమిటి. చెల్లింపు వాయిదాలు దానితో ముడిపడి ఉన్నాయా.
* లోపాలను ఉచితంగా సరిదిద్దే కాలం ఎంత.
* మార్పులకు ధర ఎలా కడతారు.
* సోర్సు కోడు ఎవరికి చెందుతుంది.

చివరి అంశానికి చట్టపరమైన ప్రాముఖ్యం ఉంది. భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచనల కోవలోకి వస్తుంది. బయటి సంస్థ వ్రాసిన ప్రోగ్రాముపై హక్కు, వ్రాతపూర్వక బదిలీ లేకపోతే, సాధారణంగా వ్రాసినవారికే ఉంటుంది. బదిలీ పత్రంలో కాలపరిమితి పేర్కొనకపోతే అది ఐదేళ్ళకే చెల్లుతుంది. హక్కు దక్కని కొనుగోలుదారు చిన్న మార్పుకు కూడా అదే సంస్థను ఆశ్రయించవలసి వస్తుంది.

క్వీన్స్‌లాండ్ అనుభవం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖ జీతాల సాఫ్టువేరు ఈ విషయంలో తరచుగా ఉదహరించబడుతుంది. సుమారు 60 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల ధరతో ఆరంభమైన ఈ పని 2010 మార్చిలో అమలులోకి వచ్చింది. వెంటనే వేలాది ఆసుపత్రి ఉద్యోగుల జీతాలు తప్పుగా లెక్కించబడ్డాయి; కొందరికి అసలు అందలేదు. మరమ్మత్తులు, నిర్వహణతో కలిపి మొత్తం ఖర్చు సుమారు 120 కోట్ల డాలర్లకు చేరుతుందని అంచనా వేశారు. 2013లో విచారణ సంఘం ఇచ్చిన నివేదిక అనేక లోపాలను ఎత్తిచూపింది. తనకు ఏమి కావాలో ప్రభుత్వమే స్పష్టంగా నిర్ణయించకపోవడం వాటిలో ముఖ్యమైనది. అవసరం స్పష్టంగా వ్రాయబడని చోట కొటేషనులోని ధరకు అర్థం ఉండదు.

ఇవి కూడా చూడండి

* ఔట్‌సోర్సింగ్
* సాఫ్టువేరు ఇంజనీరింగు
* టెండరు
* కాపీరైటు