తిన్నింటి వాసాలు లెక్కపెట్టే తార!

ముసలిదై ఆరిపోయిన ఓ నక్షత్రం. పక్కనే ఉన్న తోడు తన పదార్థాన్ని ధారపోసి దానికి మళ్లీ ప్రాణం పోసింది. లేచి గిర్రున తిరగడం మొదలెట్టిన ఆ తార చేసిన మొదటి పనేమిటో తెలుసా? ఆ తోడునే కరిగించడం!

మీ వంటింట్లో మిక్సీ ఎంత వేగంగా తిరుగుతుంది? హైస్పీడులో పెడితే నిమిషానికి ఇరవై వేల చుట్లకు అటూ ఇటూ. ఇప్పుడు ఆ బ్లేడు స్థానంలో ఓ పెద్ద గోళాన్ని ఊహించుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపల పట్టేస్తుంది కానీ, బరువు మాత్రం మన సూర్యుడికన్నా ఎక్కువ. అది మిక్సీకి రెట్టింపు వేగంతో తిరుగుతుంటే..?

ఇది ఊహ కాదు. ధనూరాశి దిక్కున టెర్జాన్ 5 అనే నక్షత్రాల గుంపులో అలాంటిది నిజంగానే ఉంది. 2004లో దొరికింది. సెకనుకు 716 సార్లు, అంటే నిమిషానికి దాదాపు 43 వేల సార్లు తన చుట్టూ తాను తిరుగుతోంది. ఇంతకన్నా వేగంగా తిరిగే పల్సర్ ఇప్పటిదాకా దొరకలేదు. దాని పక్కన ఓ తోడు తార కూడా ఉంది. అసలు కథంతా ఆ తోడుతోనే!

ముసలితారకు అంత వేగమా?

పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయి పేలిపోయినప్పుడు దాని నడిబొడ్డు కుంచించుకుపోయి న్యూట్రాన్ నక్షత్రమవుతుంది. అందులోంచి ఓ చెంచాడు పదార్థం తీస్తే వందల కోట్ల టన్నులు తూగుతుంది. అది తిరుగుతూ లైట్‌హౌస్‌లా రేడియో కిరణాల్ని చిమ్ముతుంటే పల్సర్ అంటారు. కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్ 1967లో తొలి పల్సర్‌ను గుర్తించారు.

పల్సర్ కూడా బొంగరంలాంటిదే. కొత్తలో జోరుగా తిరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. చివరికి సంకేతాలు ఆగిపోతాయి. శాస్త్రవేత్తలంతా ఈ లెక్కకే అలవాటుపడి ఉండగా 1982లో ఓ వింత తార దొరికింది. డాన్ బ్యాకర్ బృందం కనిపెట్టిన ఆ పల్సర్ సెకనుకు 642 సార్లు తిరుగుతోంది. ఆ బృందంలో మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస్ కులకర్ణి కూడా ఉన్నారు. అంత వేగముంటే అది పసితార అయ్యుండాలి. కానీ చుట్టుపక్కల పేలుడు ఆనవాళ్లే లేవు. అయస్కాంత క్షేత్రమేమో బాగా బలహీనం. అన్నీ ముసలితార లక్షణాలే!

బెంగళూరు చెప్పిన జవాబు

ఆ చిక్కుముడిని విప్పినవాళ్లలో ఇద్దరు మనవాళ్లే. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు చెందిన వి.రాధాకృష్ణన్, జి.శ్రీనివాసన్ అదే ఏడాది ఓ వివరణ ఇచ్చారు. అమెరికాలో మరో బృందం కూడా విడిగా ఇదే మాట చెప్పింది. ఏమిటంటే... ఆ తారకు ఒకప్పుడు తోడు ఉండేది. తోడు తార ఉబ్బినప్పుడు దాని పదార్థాన్ని న్యూట్రాన్ నక్షత్రం లాక్కుంది. ఆ పదార్థం సుడులు తిరుగుతూ వచ్చి పడటంతో వేగం పుంజుకుంది. పల్లెల్లో పిల్లలు ఆగిపోబోయే టైరును కర్రతో తడుతూ పరుగెత్తిస్తారే, అలాగన్నమాట!

బాగానే ఉంది. మరి ఆ తోడు ఏదీ? 1982లో దొరికిన పల్సర్ ఒంటరిది. పక్కన ఎవరూ లేరు. అక్కడే అనుమానం మిగిలిపోయింది.

దొంగ దొరికింది

ఆరేళ్లు గడిచాయి. 1988లో పోర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుతో(ఇది 2020లో కూలిపోయింది) మరో పల్సర్‌ను గమనించారు. సెకనుకు 622 సార్లు తిరిగే ఆ తార, ప్రతి తొమ్మిది గంటలకోసారి దాదాపు యాభై నిమిషాలపాటు మాయమవుతోంది. కారణం తోడు తార అడ్డురావడం. ఆ తోడు బరువు సూర్యుడిలో మూడు శాతం కూడా లేదు. కానీ అడ్డం మాత్రం పెద్దదే. ఎందుకంటే పల్సర్ చిమ్మే శక్తికి అది సలసలా కాగి ఆవిరైపోతోంది. ఆ ఆవిరే తెరలా పరుచుకుంటోంది!

పాలుపోసి పెంచిన పామే కాటేసిందన్నమాట. జతకట్టాక మగదాన్ని తినేసే సాలీడు పేరు మీద దీన్ని ‘బ్లాక్ విడో’ అన్నారు. ఒంటరి పల్సర్ల తోడు ఏమైపోయి ఉంటుందన్న ప్రశ్నకు ఇదో జవాబు.

మిగిలిన సాక్ష్యాలూ ఒక్కొక్కటే వచ్చాయి. పక్కతారను తింటూ సెకనుకు 401 సార్లు తిరుగుతున్న న్యూట్రాన్ నక్షత్రం 1998లో దొరికింది. చుట్టూ పళ్లెంలాంటి పదార్థంతో 2001లో కనిపించిన మరో తార, కొన్నేళ్లకు పళ్లెం మాయమై రేడియో పల్సర్‌గా దొరికింది. 2013లో మళ్లీ పళ్లెం పరుచుకుంది. అంటే భోజనం, విరామం, మళ్లీ భోజనం!

పుణె దగ్గర ఖోడద్‌లో 30 డిష్‌లతో ఉన్న జీఎమ్మార్టీ టెలిస్కోపు కూడా ఇలాంటి తారను పట్టుకుంది. 2013లో వెల్లడించిన ఆ బ్లాక్ విడో చుట్టూ తోడు మూడు గంటల్లోపే తిరిగొస్తుంది.

మనకేంటి లాభం?

ఇలా తిని బలిసిన పల్సర్ తిరుగుడు ఎంత కచ్చితమంటే, దాన్ని గడియారంలా వాడుకోవచ్చు. భారత, ఐరోపా శాస్త్రవేత్తలు 25 మిల్లీసెకను పల్సర్ల సంకేతాలను పరిశీలించారు. పాతికేళ్లపాటు సేకరించిన ఆ టిక్‌టిక్‌లలోని అతి చిన్న తేడాలను బట్టి, విశ్వమంతా పరుచుకున్న గురుత్వ తరంగాల ఆనవాళ్లు కనిపిస్తున్నాయని 2023 జూన్‌లో ప్రకటించారు. ఆ భారతీయ బృందంలో మన ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులూ ఉన్నారు.

ఎక్కడో ఓ తార తన ఒంటిని కరిగించుకుని పక్కతారను నిలబెట్టింది. కృతజ్ఞత మాటెలా ఉన్నా, అలా నిలబడ్డ తారే ఇప్పుడు మనకు టైము చెబుతోంది!