ఇసుకలోని సంసారములు

ఇసుకనుండి తైలము తీయుట యనునది జరుగని పనికి మన పెద్దలు చెప్పుచువచ్చిన ఉపమానము. ఇసుక సారము లేనిదనియు, నిలుకడ లేనిదనియు మన తలంపు. ఒడ్డుననున్న ఇసుక మాటయే యిట్లుండ, సముద్రగర్భమున రేయింబవళ్లు కదలుచుండు ఇసుకలో ఏ ప్రాణి కాపురము చేయగలదు? సోదరీమణులారా! అట్టి కాపురములు కలవు. వానిని గూర్చియే యీ నెల నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

ఇంగ్లండునకును డెన్మార్కునకును నడుమ ఉత్తర సముద్రమున ‘డాగర్ బ్యాంకు’ అను గొప్ప ఇసుకతిన్నె నీట మునిగియున్నది. దాని వైశాల్యము సుమారు 17,600 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి మెరకగానున్న చోట నీటి లోతు 15 మీటర్లకు మించదు. పూర్వమది జనులు సంచరించిన నేలలోని భాగమే. మంచుయుగము గడచి సముద్రము పొంగగా, ఆ ప్రదేశము చాలభాగము సుమారు 8,000 ఏండ్ల క్రిందటికి మునిగిపోయినది. ఆ మునిగిన సీమకు 1998లో బ్రయొనీ కోల్స్ అను పురాతత్త్వ విదుషి ‘డాగర్‌లాండ్’ అని నామకరణము చేసెను.

లోతు తక్కువగుటచే శీతకాలపు తుపానులు ఆ తిన్నె అడుగును సయితము కలచివేయును. పట్టుకొని వ్రేలాడుటకు రాయి లేదు, నాచు వేరూనదు. అచట ఇసుకలో మునుగ నేర్చినవారికే బ్రతుకు. గుండె యాకారము గల ముండ్లజీవి యొకటి తన ముండ్లతోనే త్రవ్వుకొని లోన వసించును. మీదినుండి నీరు వచ్చుటకు సన్నని సొరంగ మొకటి తీసి, అది కూలకుండ జిగురు పూసికొనును. ఆ బొరియలోనే బుల్లి ఆల్చిప్పలు కొన్ని అతిథులవలె చేరి బ్రతుకును. మరియొక పురుగు ఇసుకరేణువులను, గవ్వముక్కలను ఏరి, తన జిగురుతో అతికి గొట్టము కట్టుకొనును. దాని మూతికి కుచ్చులు కూడ దీర్చును. ఇట్టి గొట్టములు గుంపుగా లేచినచోట ఇసుక కొంత కుదుటబడి, ఇతర ప్రాణులకు నెలవగును. రొయ్యను బోలిన మరియొక చిన్నజీవి, ఇసుకరేణువుల నొక్కొక్కటే త్రిప్పి, వానికంటిన సూక్ష్మజీవులను గీకి తినును.

రేణువునకు రేణువునకు నడుమనున్న సందులలో సయితము కంటికానని జీవులు తిరుగుచుండును. సముద్రపుటడుగున నుండు నిట్టి చిన్న జీవులకు ‘మియోబెంథోస్’ అను శాస్త్రనామమును 1942లో పెట్టినదియు ఒక స్త్రీయే. ఆమె పేరు మాలీ మేర్. మన వాల్తేరు ఒడ్డు ఇసుకలోని యిట్టి జీవులను 1960 దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారగు పి. ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు గార్లు పరిశోధించిరి.

ఇక డాగర్ తిన్నెకు ముఖ్యమైన ప్రాణి ‘శాండ్ ఈల్’. పేరున మలుగే గాని యా జాతి కాదు. జానెడు పొడవు గల సన్నని వెండిచేప. వసంత గ్రీష్మములందు పగలు గుంపులుగా మేసి, రాత్రి ఇసుకలో దూరును. చలికాలము చాలభాగము ఇసుకలోనే గడపి, గ్రుడ్లు పెట్టుటకు మాత్రము వెలికివచ్చును. రేణువుల నడుమనున్న నీటితోనే ఊపిరి తీయును గనుక, మెత్తని బురద కలసిన చోట అది నిలువదు. మనము చేటతో చెరిగి తవుడు పోగొట్టినట్లు, అలలు ఆ ఇసుకను చెరిగి బురదను తొలగించుచుండును. మనము నిలుకడలేమి యనుకొన్నదే వాని యింటికి శుభ్రత! పఫిన్ మొదలగు సముద్రపక్షులు ముక్కున అడ్డముగా వరుసకట్టి పిల్లలకు తీసికొనిపోవునది యీ చేపలనే.

మనుజుడును దీనిని విడువలేదు. వలలువేసి టన్నులకొలది పట్టి, పొడిచేసి నూనె తీసి, పెంపుడు చేపలకును పశువులకును మేతగా నమ్మెను. ఇసుకనుండి తైలము తీయుట నిజముగ జరిగినది. మూల్యము పక్షిపిల్లలు చెల్లించినవి.

ఇసుక యెట్లును కదలునదే గదా, అడుగును గీకు వలలవలన వచ్చు హాని యేమని కొందరడుగవచ్చును. తుపాను వచ్చినపుడు ప్రాణి మరింత లోతునకు దిగి తప్పించుకొనును. ఇనుపగొలుసుల వల దానిని నలిపివేయును. కోలుకొనకముందే మరల వచ్చును. అందుచే బ్రిటిషువారు తమ భాగమునందలి డాగర్ తిన్నెమీద అడుగువలలను 2022 జూనులో నిషేధించిరి. 2024లో ఇంగ్లండువారి ఉత్తర సముద్రజలములందును, స్కాట్లండు జలములన్నిటను శాండ్ ఈల్ వేటను మాన్పించిరి. డెన్మార్కు జాలరులకును కుటుంబములు కలవు. ఐరోపా సమాఖ్య వ్యాజ్యము తెచ్చెను. నిషేధమునకు శాస్త్రాధారము కలదనియు, ఇంగ్లండు మాత్రము జాలరుల నష్టమును తగినట్లు తూచలేదనియు 2025లో మధ్యవర్తులు తీర్పు చెప్పిరి. ఇరుపక్షముల ఆకలియు త్రాసున నుంచిన యీ తీర్పు మాకు సమంజసముగ తోచినది.

ఈమారు పిల్లలతో సముద్రతీరమునకు పోయినపుడు, తడియిసుక గుప్పెడు తీసి, గిన్నెడు సముద్రపునీట కలియబెట్టి, పైనీటిని పలుచని గుడ్డలో వడియగట్టుడు. గుడ్డమీద మిగిలినదానిని భూతద్దముతో పిల్లలకు చూపుడు. చూచిన పిదప ఆ గుడ్డను అచటి నీటనే జాడింపుడు. వాని యిల్లు అదియే గదా!